దీవుల్లో ఒక రోజు

మా ఇల్లు విశాఖపట్నంలోని సీతమ్మధారలో ఉంది. కొండల చేరువన ఉన్న పేట అది. సముద్రతీరం అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరం. ఇంట్లో కూర్చుంటే అల కనిపించదు, హోరు వినిపించదు. అయినా కిటికీ ఊచలకు పట్టే తుప్పు, వేసవి సాయంకాలాల్లో ఒంటికి అంటుకొనే ఉప్పుగాలి సముద్రం ఎంత దగ్గరలో ఉందో గుర్తు చేస్తూనే ఉంటాయి. నలభై ఏళ్ళుగా ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణి కనుక సముద్రం నాకు బాగా తెలుసునని అనుకొనేవాణ్ణి. నాకు తెలిసింది దాని అంచు మాత్రమేనని గ్రహించడానికి దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు ప్రయాణం చేయవలసి వచ్చింది.

మా నాన్నగారు విశాఖ ఓడరేవులో ముప్పై ఏడు సంవత్సరాలు పనిచేశారు. 1976లో వెలుపలి రేవు ప్రారంభమైన తరువాత ఆయన ఉద్యోగ జీవితమంతా జపాను వెళ్ళే ఓడలకు ఇనుప ఖనిజం ఎత్తించడంలోనే గడిచింది. దూరాన ఓడ కనిపించగానే అది ఎంత సరుకు పట్టగలదో చెప్పేవారు. అటువంటి మనిషి సముద్రపు నీటిలో మడమ తడవనిచ్చేవారు కారు. మమ్మల్నీ దిగనిచ్చేవారు కారు. బీచికి తీసుకువెళ్ళినా ఇసుకలో దూరంగా కూర్చోబెట్టి, మురీ మిక్చరు పొట్లాలు చేతికిచ్చి, "సముద్రాన్ని చూడాలిరా, దానితో ఆటలాడకూడదు" అనేవారు.

అందుకు కారణం మా నాయనమ్మ చెప్పగా తెలిసింది. 1968లో నాన్నగారి తమ్ముడు, పద్దెనిమిదేళ్ళవాడు, స్నేహితులతో కలిసి స్నానానికి దిగి తిరిగి రాలేదు. అతని చెప్పులకు కాపలాగా ఒడ్డున కూర్చున్నది మా నాన్నగారే. ఆ విషయం ఆయన మా ముందు ఎన్నడూ ఎత్తలేదు. మేమూ అడగలేదు.

పదవీ విరమణ తరువాత ఆయన మనసులో ఒకే ఒక కోరిక మిగిలింది. అండమాన్‌లోని సెల్యులార్ జైలును చూడాలి. 2019 జనవరిలో, ఆయనకు డెబ్బై ఏళ్ళు నిండిన సందర్భంలో, ఆ కోరిక తీర్చడానికి బయలుదేరాము. విమానంలో వెళ్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇన్నేళ్ళూ ఓడలను సాగనంపాను. ఒక్కదానిలోనైనా ఎక్కి వెళ్ళనీ" అన్నారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో రెండు రోజులకు పైగా పట్టింది. ఆ పట్టణాన్ని 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్నారు.

చేరిన మర్నాడు జైలు చూశాము. 1906లో పూర్తయిన ఆ కట్టడంలోని ఒంటరి గదుల ముందు నాన్నగారు చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఇక్కడే ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించారనీ, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మన విశాఖపట్నం నుంచే తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారనీ ఆయనే నాకు చెప్పారు. ఒకప్పుడు మనవారికి ఈ సముద్రమే జైలు గోడ. దానిని దాటి పారిపోవడం అసాధ్యం కనుకనే ఆంగ్లేయులు ఈ దీవులను ఎన్నుకొన్నారు.

మూడవ రోజు దీవుల విహారానికి కేటాయించుకొన్నాము. ఉదయం ఎనిమిది గంటలకే జెట్టీ దగ్గర జనం బారులు తీరారు. అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగి చిన్న పడవలో ఎక్కించారు. నాన్నగారు తన జాకెట్టు పట్టీలను మూడుసార్లు లాగి చూసుకొన్నారు. పడవ మధ్యలో, నీటికి వీలైనంత దూరంగా కూర్చున్నారు.

మొదట రాస్ దీవికి వెళ్ళాము. మేము వెళ్ళడానికి కొద్ది వారాల ముందే, 2018 డిసెంబరు 30న, దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు. గట్టిగా నడిస్తే గంటలో చుట్టి రాగలిగినంత చిన్న దీవి అది. 1858 తరువాత ఎనభై ఏళ్ళకు పైగా ఆంగ్లేయులు అండమాన్‌లను ఇక్కడి నుంచే పరిపాలించారు. అధికారుల బంగళాలు, చర్చి, రొట్టెల కార్ఖానా, ఈతకొలను, నాట్యశాల అన్నీ ఖైదీల చెమటతో లేచినవే. ఇప్పుడు పైకప్పులు లేవు. మర్రిజాతి చెట్ల వేళ్ళు గోడలను వలలా చుట్టి పట్టుకొన్నాయి. అవి లేకపోతే ఆ గోడలు ఏనాడో కూలిపోయేవి. ఆ శిథిలాల మధ్య జింకలు భయం లేకుండా తిరుగుతున్నాయి.

ఒకచోట జపాను సైనికులు కట్టిన బంకరు కనిపించింది. 1942 మార్చిలో జపాను ఈ దీవులను ఆక్రమించింది. మరి రెండు వారాలకు, ఏప్రిల్ 6న, ఆ దేశపు విమానాలు మా విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. నాన్నగారు బంకరులోకి తొంగి చూసి చిన్నగా నవ్వారు. "మా నాన్న ఆ బాంబులకు భయపడి ఊరు విడిచిపెట్టి వెళ్ళాడు. నేను అదే జపానుకు ఓడల నిండా ఇనుము పంపి జీతం తీసుకొన్నాను. కాలం ఎంతటి శత్రుత్వాన్నయినా అరగదీస్తుందిరా" అన్నారు.

అక్కడి నుంచి పడవ నార్త్ బే వైపు సాగింది. ఒడ్డు దగ్గరపడుతుండగా ఎరుపు తెలుపు పట్టీల దీపస్తంభం, కొబ్బరిచెట్లు కనిపించాయి. నేను జేబులోంచి పాత ఇరవై రూపాయల నోటు తీసి నాన్నగారికి చూపించాను. ఆ ఎర్రని నోటు వెనుకవైపున ముద్రించిన దృశ్యం ఈ తీరానిదే. ఎన్నో ఏళ్ళుగా చేతులు మారుస్తున్న బొమ్మ ఎదుట నిజమై నిలవడం మా ఇద్దరికీ వింతగా తోచింది.

సందర్శకులకు నీటి అడుగున పగడాలను చూపించేది ఇక్కడే. మా మాటలు విని ఒక యువకుడు దగ్గరకు వచ్చి, "తెలుగువాళ్ళా సార్?" అని అడిగాడు. వాళ్ళ తాతగారు సోంపేట ప్రాంతం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. "ఏటి బాబూ, సోంపేటా? మా అమ్మగారిది టెక్కలి" అంటూ నాన్నగారు ఆనందపడిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరిగిన ఆ కుర్రవాడే ఆనాడు మాకు మార్గదర్శి అయ్యాడు.

ముందుగా నేను దిగాను. కళ్ళను, ముక్కును కప్పే గాజు ముసుగు, నోటితో కరిచి పట్టుకొనే వంపు గొట్టం ఇచ్చారు. దానినే స్నార్కెల్ అంటారు. ముఖం నీటిలో ఉంచి తేలుతూ, గొట్టం గుండా గాలి పీల్చుకోవాలి. ఒడ్డు దగ్గర అడుగున విరిగిన, రంగు వెలిసిన ముక్కలే కనిపించాయి. కొంతదూరం లోపలికి వెళ్ళాక దృశ్యం మారింది. జింక కొమ్ముల వంటివి, విసనకర్రల వంటివి, పొర్లు పొర్లుగా మెదడును తలపించేవి ఎన్నో రూపాల పగడాలు. వాటి మధ్య పచ్చని, నీలి చేపలు గుంపులుగా ఒక్కసారిగా మలుపు తిరిగేవి. మెత్తని వేళ్ళు కదిలిస్తున్న సముద్రపు పువ్వులో, తెల్లని పట్టీలున్న నారింజ రంగు చేప ఒకటి ఇంటి గుమ్మంలో నిలబడినట్లు నిలబడి నన్ను చూసింది. మాట లేదు, చప్పుడు లేదు. నా ఊపిరి మాత్రమే నాకు వినిపిస్తున్నది.

అంతలో ఒక చిన్న అల వచ్చి గొట్టంలోకి నీరు చేరింది. గొంతులో ఉప్పునీరు దిగగానే కంగారుపడి కాళ్ళు కిందికి దించాను. రబ్బరు చెప్పు కింద ఏదో పుటుక్కుమంది. చిటికెన వేలంత లావున్న పగడపు కొమ్మ ఒకటి విరిగి పక్కకు ఒరిగింది.

కుర్రవాడు నన్ను పట్టి తేల్చి, "సార్, అది రాయి కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట మరింత గట్టిగా తాకింది.

ఒడ్డుకు వచ్చాక అతడు వివరించి చెప్పాడు. పగడపు కొమ్మ అంటే ఒక ప్రాణి కాదు, వేలాది చిన్న జీవుల సంసారం. ఆవగింజలంతటి ఆ జీవులు తమ చుట్టూ సున్నపు గూళ్ళు కట్టుకొంటాయి. వాటి శరీరాల్లో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. నాచు ఎండను ఆహారంగా మార్చి పెడుతుంది, పగడం దానికి ఇల్లు ఇస్తుంది. ఆ రంగులలో ఎక్కువ భాగం నాచువే. నీరు మితిమీరి వేడెక్కితే ఆ సహజీవనం చెడిపోతుంది. నాచు వెళ్ళిపోయి పగడం తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 2010లో అండమాన్‌ల చుట్టూ అటువంటి విపత్తే సంభవించింది. ఒడ్డు దగ్గర నేను చూసిన ముక్కలు కొన్ని వేడికి, కొన్ని నావంటి వారి పాదాలకు బలి అయినవి.

"నేను విరిచింది మళ్ళీ ఎన్నాళ్ళకు పెరుగుతుంది?" అని అడిగాను.

"కొమ్మల రకం కాబట్టి ఏడాదికి కొన్ని అంగుళాలు పెరుగుతుంది సార్. బండలా గుండ్రంగా ఉండేవైతే ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గొప్ప. తాటికాయంత బండకు ఎంత వయసో మీరే లెక్కవేసుకోండి."

నాన్నగారు ఇదంతా శ్రద్ధగా వింటున్నారు. కాసేపటికి, "దేన్నీ తొక్కకుండా చూసే ఉపాయం ఉందా బాబూ?" అన్నారు. నేను ఆశ్చర్యంగా ఆయన వంక చూశాను.

"ఉంది తాతగారూ. మీరు ఈ ట్యూబు పట్టుకొని తేలుతూ ఉండండి. కాళ్ళు దించకండి. నేను లాక్కువెళ్తాను." గుండెజబ్బు, రక్తపోటు వంటివి ఉన్నాయేమో అడిగి తెలుసుకొని అతడు ముసుగు బిగించాడు.

నాన్నగారు చెప్పులు విడిచి నా ముందు పెట్టారు. "ఇవి చూస్తూ ఉండు" అన్నారు.

యాభై ఏళ్ళ కిందట ఒక ఒడ్డున చెప్పులకు కాపలా కాసిన మనిషి, ఈనాడు నన్ను కాపలా ఉంచి నీటిలోకి నడిచారు. మోకాళ్ళ లోతులో ఒక్క క్షణం ఆగారు. తరువాత తల వంచి ముఖం నీటిలో ఉంచారు. ఆ ఇరవై నిమిషాలూ నేను ఆయన జాకెట్టు మీది నుంచి చూపు మళ్ళించలేదు. తమ్ముని కోసం ఆయన ఎంతసేపు అలా చూసి ఉంటారో ఆనాడు నాకు మొదటిసారి అర్థమైంది.

ఆయన తిరిగి వచ్చి ఇసుకలో కూర్చున్నారు. ముసుగు అంచుల గుర్తు ముఖం మీద ఎర్రగా కనిపిస్తున్నది. చాలాసేపటి తరువాత, "ఇన్నేళ్ళూ లోపలంతా చీకటేననుకొన్నానురా. వెలుతురు ఉంది" అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం పడవ అంచున కూర్చొని, వేళ్ళు నీటికి తాకిస్తూ వచ్చారు.

విశాఖకు తిరిగి వచ్చిన తరువాత ఒక ఆదివారం ఆటుపోట్ల వేళలు చూసుకొని, నీరు వెనక్కు తగ్గిన సమయంలో మమ్మల్ని తెన్నేటి పార్కు దిగువనున్న రాళ్ళ దగ్గరకు ఆయనే తీసుకువెళ్ళారు. రాళ్ళ గుంటలలో మిగిలిన నీటిలో చిన్న ఎండ్రకాయలు, నత్తలు, వేళ్ళు ముడుచుకొన్న సముద్రపు పువ్వులు కనిపించాయి. ఇన్నేళ్ళూ ఆ దారిన వెళ్తూ మేము చూడని లోకం అది. మనుమరాలు ఉత్సాహంగా ఒక రాతి మీద కాలు పెట్టబోతే ఆయన చేయి పట్టి ఆపారు. "ముందు చూడమ్మా. ఆ తరువాతే అడుగు వెయ్యి" అన్నారు.

భూమి మీది సముద్రపు అడుగుభాగంలో పగడపు దిబ్బలున్నది నూటికి ఒక వంతు కూడా కాదు. కాని సముద్రజీవుల జాతులలో దాదాపు నాలుగో వంతుకు అవే నీడ. అటువంటి దిబ్బలు ప్రపంచమంతటా పెద్దయెత్తున తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇటువంటి విపత్తు ప్రపంచవ్యాప్తంగా సంభవించడం అది నాలుగవసారి. ఆ వార్త చదివిన రోజున నా పాదం కింద విరిగిన కొమ్మ చప్పుడు మళ్ళీ వినిపించింది. నాన్నగారు పత్రిక మడిచి పక్కన పెట్టి, "ఆ సోంపేట కుర్రవాడు చూపించిన చోటు ఎలా ఉందో" అని మాత్రం అన్నారు. తమ్ముణ్ణి తీసుకుపోయిన సముద్రం గురించి ఆయన దిగులుపడగా చూడటం నాకు అదే మొదటిసారి.