జారిన గుర్రం

నాన్న మాండొలిన్‌ని నేను అమెరికా తెచ్చుకున్నది ప్రేమకొద్దీ కాదు. 2021లో ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత పంచెలో చుట్టి కనపడింది. "పాత సామాన్లవాడికి వేసెయ్యరా, చెదలు పట్టేసుంటుంది" అంది అమ్మ. వెయ్యబుద్ధి కాలేదు. ఉంచుకోవాలనీ అనిపించలేదు. సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన, దుప్పట్ల మధ్య ఇరికించేశాను. మిషిగన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ అల్మరాలో మూడేళ్ళు అలాగే పడుంది, అదే పంచెలో.

మాది పాలకొల్లుకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. నాన్న హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. పెళ్ళి కాకముందు, 1975లో, 'ముత్యాల ముగ్గు' చూసి మాండొలిన్ మోజులో పడ్డాట్ట. సంగీతం కె.వి. మహదేవన్‌దే అయినా ఆ సినిమా పొడుగునా వినపడే మాండొలిన్ వాయించింది బొంబాయి నుంచి వచ్చిన సజ్జాద్ హుస్సేన్. అందరూ రావు గోపాలరావు డైలాగులు వల్లిస్తుంటే మా నాన్న మాత్రం వెనక మోగేదాని కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. రెండు నెలల జీతం పెట్టి కలకత్తా సరుకొకటి కొన్నాడు. ఎనిమిది తీగలు, జతకి రెండు చొప్పున. సినిమా పాటలు బాగానే వాయించేవాడని అమ్మ ఒప్పుకుంటుంది, అదీ అడిగితే.

ఆ తర్వాత మా పక్కనున్న పాలకొల్లు నుంచే శ్రీనివాస్ వచ్చాడు.

ఇప్పటి పిల్లలకి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పుట్టాడు. వాళ్ళ నాన్న సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చిత్రమేంటంటే ఈ గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. ఎలా వెయ్యాలో చూపించేవాళ్ళు లేకపోవడం వల్లే అలా వెయ్యకూడదని చెప్పేవాళ్ళూ లేకపోయారేమో. 1983లో, పద్నాలుగేళ్ళకే, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించాడు. మద్రాసులో పెద్దవాళ్ళు కొందరు ఈ విదేశీ వాయిద్యానికి కర్ణాటక సంగీతమేంటని మొహం చిట్లించారు. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. మాండొలిన్ స్వరం టక్కున పుట్టి టక్కున పోతుంది. అందుకే ఇటాలియన్లు అదే స్వరాన్ని గబగబా మీటుతూ సాగినట్టు భ్రమ కల్పిస్తారు. మన గమకానికి ఆ భ్రమ చాలదు. పైగా జంట తీగల్ని పక్కకి లాగితే రెండూ ఒకేలా సాగవు, అపశ్రుతి పలుకుతుంది. శ్రీనివాస్ జంటల్ని వదిలేశాడు. ఒంటి తీగలు అయిదు, వాటికి కరెంటు. వాయిద్యాన్ని వాయించడమే కాదు, మార్చుకున్నాడు.

పాలకొల్లు కుర్రాడు చెయ్యగాలేంది డ్రాయింగు మాస్టారు ఎందుకు చెయ్యకూడదు? నాన్న తన మాండొలిన్ తీగలన్నీ ఊడబీకాడు. ఎముక ముక్క అరగదీసి అయిదు గాడులతో పైన కొత్త పట్టీ పెట్టాడు. గిటారు తీగలోంచి లావుపాటిది ఒకటి కింది స్థాయికి తగిలించాడు. కొలతలన్నీ గ్రాఫు కాయితం మీద వేసుకున్నాడు. టేప్‌రికార్డరు మైకుని ప్లాస్టరుతో లోపల అతికించాడు. అన్నిటికంటే విడ్డూరం, గుండ్రటి ఆకురాయి తీసుకుని మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కని లోపలికి గుంటలుగా గీకేశాడు. నెల్లాళ్ళు పట్టింది. ఆ నెల్లాళ్ళూ సాయంత్రాలు వసారాలో కర్రపొడి, అమ్మ చీపురు, అమ్మ మాటలు. "లక్షణమైన వాయిద్యాన్ని కొరికేస్తున్నారు. ఎలక నయం!"

1989 వినాయక చవితి పందిట్లో వాయించాడు. నాకు పన్నెండేళ్ళు. నా క్లాసువాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు. హంసధ్వని మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే ఒక మూడు నాలుగు నిమిషాలు బానే ఉంది. నేను గర్వంగా అటూ ఇటూ చూశాను కూడా. ఒక పెద్ద గమకం కోసం తీగని బలంగా పక్కకి లాగాడు. ఢామ్మని చప్పుడైంది. తీగలన్నీ ఒక్కసారిగా వడిలిపోయాయి. తీగల కింద నిలబడే చెక్కముక్క ఎగిరి తబలా మీద పడింది. దాన్ని వీణకైనా మాండొలిన్‌కైనా మా వైపు గుర్రం అంటారు. తబలాయన తన పక్కవాడితో అన్నమాట మైకులోంచి ఊరంతా వినపడింది. "మాస్టారి గుర్రం పారిపోయిందిరోయ్."

పందిరి పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే మర్నాడు బళ్ళో బతకలేనన్న లెక్క పన్నెండేళ్ళకి బాగానే తెలుస్తుంది. నాన్న వంగి గుర్రాన్ని వెతుక్కుంటూ తలెత్తి సరిగ్గా నావైపే చూశాడు. ఏమీ అనలేదు, అప్పుడూ, తర్వాతా. ఆ రాత్రే మాండొలిన్ అటకెక్కింది. బళ్ళో చాలారోజులు నా పేరు గుర్రం.

పోయినేడాది ఆఫీసు పనిమీద కలమజూ వెళ్ళాల్సొచ్చింది. డెట్రాయిట్ నుంచి షికాగో వెళ్ళే దారిలో వస్తుంది. అక్కడ పాత వాయిద్యాలు బాగుచేసే ఒకాయన ఉన్నాడని కొలీగ్ చెబితే ఎందుకో పంచె మూటని కారులో వేసుకున్నాను. ఆ ఊరి సంగతి నాకప్పటికి తెలీదు. గిబ్సన్ గిటార్లు పుట్టింది అక్కడే. పార్సన్స్ స్ట్రీట్‌లో 1917 నాటి ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, దానికో పొడుగాటి పొగగొట్టం ఇంకా ఉన్నాయి. 1984లో కంపెనీ పూర్తిగా నాష్‌విల్‌కి మారిపోతే, కదలడం ఇష్టంలేని పనివాళ్ళు కొందరు ఆ బిల్డింగులోనే హెరిటేజ్ అని వేరే కంపెనీ పెట్టుకున్నారు.

ఆ గిబ్సన్ అనే మనిషి కథ తర్వాత చదివాను. ఆర్విల్ గిబ్సన్. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి ఈ ఊరొచ్చి చెప్పుల షాపులో గుమాస్తాగా చేశాడు. మిగతా టైములో మాండొలిన్లు చెక్కేవాడు. అప్పటిదాకా మాండొలిన్ అంటే ఇటాలియన్ పద్ధతే, సన్నటి చెక్కబద్దీల్ని వంచి, అతికించి, సగం పుచ్చకాయ డిప్పలాంటి కడుపు తయారుచెయ్యడం. ఆర్విల్‌కి ఆ వంచడమే నచ్చలేదు. వంచిన చెక్క ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, అది స్వేచ్ఛగా మోగదని ఆయన నమ్మకం. అందుకని ముందు పలకనీ వెనక పలకనీ వయొలిన్‌కి మల్లే దళసరి చెక్కలోంచి తొలిచాడు. పక్కల్ని కూడా వంచకుండా మొద్దులోంచే కోసి తీశాడు, మెడతో సహా. ఆ మెడని కూడా లోపల కొంత బోలు చేశాడు. 1898లో పేటెంటు వచ్చింది. 1902లో ఊళ్ళో అయిదుగురు పెట్టుబడిదార్లు ఆయన పేరుతో కంపెనీ పెట్టారు. భాగస్వాముల్లో ఆయన లేడు. రెండున్నర వేల డాలర్లిచ్చి పేరునీ పేటెంటునీ తీసుకున్నారు. కొన్నేళ్ళకి కంపెనీ చేసిన పనేంటంటే, పక్కల్ని మళ్ళీ వంచడం. మొద్దులోంచి కోస్తే బరువెక్కువ, చెక్క వృథా, మోతలో పెద్ద తేడా లేదు. బోలు మెడ కూడా పోయింది. తొలిచిన పలకలు మాత్రం మిగిలాయి. 1922 ప్రాంతంలో లాయిడ్ లోర్ అనే ఇంజనీరు వాటికి వయొలిన్‌లాంటి ఎఫ్ రంధ్రాలు పెట్టి తీసిన ఎఫ్-5 మాండొలిన్లని ఇప్పటికీ కళ్ళకద్దుకుంటారు. ఆర్విల్ అది చూళ్ళేదు. 1918లో మానసిక రోగుల ఆసుపత్రిలో పోయాడు.

ఈ కథలో 'లోకం మేధావిని గుర్తించలేదు' అనే పాట పాడుకోవడం తేలిక. కానీ కంపెనీ పక్కల విషయంలో చేసిన పని సబబే అనుకుంటాను. ఆర్విల్ సగం తప్పే చెక్కాడు. మిగిలిన సగం లేకపోతే మాత్రం లోర్‌కి పట్టుకోవడానికేం దొరికేది కాదు.

చదువుతుంటే బొబ్బిలి గుర్తొచ్చింది. ఎవరి పెళ్ళికో వెళ్ళినప్పుడు నాన్న నన్ను గొల్లపల్లి తీసుకెళ్ళాడు, వీణలు చేసే చోటికి. ఏకాండి వీణ అంటే కుండా దండీ విడివిడిగా అతకరు, ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. అతుకు దగ్గర నాదం ఆగుతుందని వాళ్ళ మాట. చెప్పుల షాపు గుమాస్తా వాదన, గొల్లపల్లి వడ్రంగుల వాదన ఒకటే. ఒకరికొకరు ఉన్నారని తెలీకుండానే! పందిరి సంగతికి ముందో వెనకో గుర్తులేదుగానీ, నాన్న అక్కడొక ముసలాయన్ని మొహమాటపడుతూ అడిగాడు. "మాండొలిన్ కూడా ఇలాగే ఒంటి మొద్దులో తొలవచ్చాండీ?" ఆయన ఉలి ఆపకుండానే "తొలవొచ్చు బాబూ, గానీ కొనేదెవులు?" అన్నాడు. బస్సులో ఆకలేస్తోందని నేను సతాయించడం కూడా గుర్తుంది.

కలమజూ ఆయన షాపు ఇంటి వెనక గరాజులో. డెబ్భై దాటుంటాయి. గోడలకి పాత ఇళ్ళ తలుపు చెక్కలూ, చర్చి బల్లల ముక్కలూ ఆన్చి ఉన్నాయి. వాటితో తనకోసం మాండొలిన్లు చేసుకుంటాడట, ఏ రెండూ ఒకలా ఉండవు. పంచె విప్పి మాండొలిన్‌ని తిరగేసి కణుపులతో తట్టాడు. "పైపలక ప్లైవుడ్" అన్నాడు, ముందే చెప్పేయడం మర్యాద అన్నట్టు. తర్వాత మెట్ల మధ్య గుంటల్లో బొటనవేలు పెట్టి కిందనుంచి పైదాకా జరిపాడు. మళ్ళీ జరిపాడు.

"ఇది ఎవరు చెక్కారు?"

"మా నాన్న. పాడుచేశాడు."

ఆయన నవ్వలేదు. ఇలా గుంటలు తీసిన మెడని మొదటిసారి ఈ ఊళ్ళోనే చూశానన్నాడు. 1970లలో జాన్ మెక్‌లాఫ్లిన్ 'శక్తి' బృందం పెట్టినప్పుడు ఆయనకో గిటారు కావాల్సొచ్చింది. వీణ నేర్చుకున్నవాడు కదా, వీణలో తీగ మెట్ల మీద గాల్లో ఉండి ఎంత లాగితే అంత సాగుతుంది, గిటారులో వేలు చెక్కకి తగిలి ఆగిపోతుంది. అందుకని గిబ్సన్ వాళ్ళతో కలిసి ఏబ్రహం వెక్టర్ అనే ఆయన మెట్ల మధ్య గుంటలు తీసిన గిటారు చేశాడు. తర్వాతెప్పుడో అదే మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' పక్కవాద్యంగా కూర్చోబెట్టుకున్నది మా పాలకొల్లు శ్రీనివాస్‌ని. ఈ చివరి ముక్క నేను చెబితే ముసలాయన కుర్చీలోంచి లేచాడు.

మా నాన్నకి శక్తి తెలీదు. మా ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నీ నాకు తెలుసు, అది లేదు. వీణ చూసి తనే అనుకుని ఉండాలి.

"మరి ఎందుకు ఆపేశాడు?" అన్నాడాయన. పందిరి కథ చెప్పాను. నేను నవ్విన సంగతి కూడా. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

ఆయన ఆ భాగం విననట్టే ఉన్నాడు. పెన్సిలు తీసి గుర్రం ఎత్తు కొలుస్తున్నాడు. మాండొలిన్ గుర్రాన్ని దేనికీ అతికించరు, తీగల ఒత్తిడి మీదే నిలబడుతుంది. ఎనిమిది తీగలు నొక్కాల్సిన చోట అయిదే ఉంటే ఒత్తిడి మూడో వంతుకి పైగా పోతుంది. ఆపైన గుంటల వల్ల తీగని ఇదివరకెన్నడూ లేనంత పక్కకి లాగొచ్చు. మీద నొక్కేది తగ్గింది, పక్కకి నెట్టేది పెరిగింది. "జారక ఏం చేస్తుంది? మీ నాన్న మిగతాదంతా సరిగ్గానే చేశాడు. దీని కాళ్ళ కింద రెండు చిన్న మేకులు చాలు" అన్నాడు.

ముప్పై అయిదేళ్ళు. రెండు మేకులు.

మళ్ళీ ఎనిమిది తీగలకి మార్చమంటావా, అలా అయితే వాయించేవాళ్ళెవరికైనా ఇవ్వొచ్చు అని అడిగాడు. అయిదే ఉంచమన్నాను. మేకులు కూడా సన్నటి వెదురు చీలికలతో వేశాడు, ఎప్పుడైనా తియ్యాలంటే పలక చీలకుండా. డబ్బులు తీసుకున్నాడుగానీ గుంటలకి మాత్రం ఫోటోలు తీసుకోనిమ్మని అడిగాడు.

మూడు వారాలకి తెచ్చుకున్నాను. నాకు వాయించడం రాదు. ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేసి ఫోన్ ఎదురుగా ఆనించి, ఒక తీగ మీటి, భయం భయంగా పక్కకి లాగాను. స్వరం వంగింది. గుర్రం నిలబడింది. ఇంకొంచెం లాగాను.

అమ్మ కాసేపు చూసి, "అంత మెల్లిగా లాగితే ఎందుకు పడుద్దిరా. మీ నాన్న లాగినట్టు లాగు" అంది.