థీసిస్ లేని ఎమ్మెస్

‘థీసిస్ లేదా? ఉత్త కోర్సులేనా?’ అమెరికాలో సివిల్‌లో ఎమ్మెస్ అంటే మనవాళ్ళు వేసే రెండో ప్రశ్న ఇది. ‘సివిల్ దేనికి, కంప్యూటర్స్‌లోకి మారకపోయావా?’ అన్నది మొదటిది. దానికి జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది. రెండోది మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తూ ఉంటుంది.

లెక్క చూస్తే తేడా పెద్దదేమీ కాదు. చాలాచోట్ల డిగ్రీకి 30 క్రెడిట్లు కావాలి. థీసిస్ రాసేవాళ్ళకు అందులో ఆరు దాకా పరిశోధనకు పోతాయి, రాయనివాళ్ళు ఆ జాగాలో ఇంకో రెండు కోర్సులు చదువుతారు. అసలు తేడా డబ్బు దగ్గర వస్తుంది. పరిశోధనలో చేరినవాడికి ప్రొఫెసరు గ్రాంటులోంచి ఫీజూ, నెలనెలా కొంత జీతమూ దొరికే అవకాశం ఉంది. కోర్సులవాడు చాలామటుకు అప్పు చేసి కట్టుకోవలసిందే. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి వచ్చిన కుర్రాడు త్వరగా డిగ్రీ చేతికొచ్చే దారే చూసుకుంటాడు. అందులో తప్పేముంది?

అయినా ‘ఉత్త కోర్సులు’ అన్న మాట నాకు మింగుడుపడదు. ఉదాహరణకు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన హార్డీ క్రాస్ 1930లో మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిని అచ్చు వేయించాడు. ఆ వ్యాసం పది పేజీలే. అంతకుముందు పెద్ద కాంక్రీటు ఫ్రేము లెక్క తేల్చాలంటే బోలెడు సమీకరణాలు ఒకేసారి సాధించాలి. క్రాస్ చెప్పింది ఇంతే: జాయింట్లన్నీ బిగబట్టు, ఒక్కొక్కటే వదులు, పంచిన మొమెంటులో సగం అవతలి కొసకు పంపు, మళ్ళీ సరిచెయ్యి. కంప్యూటర్లు వచ్చేదాకా ప్రపంచంలో లెక్కలేనన్ని భవనాలకు ఇదే లెక్క. ఈ పద్ధతి వంటబట్టేది హోంవర్కులోనే, కాగితాలు ఖరాబు చేసుకుంటూ.

సాయిల్ మెకానిక్స్ ల్యాబు సంగతీ అంతే. బరువు కింద మట్టి ఎలా కుంగుతుందో చూసే కన్సాలిడేషన్ పరీక్షకు ఇత్తడి రింగులో బంకమట్టిని అంగుళం మందాన కోసి కూర్చి, పైనా కిందా నీళ్ళు పారే రాతిబిళ్ళలు పెట్టి, బరువు వేస్తారు. పావు నిమిషానికో రీడింగు, అర నిమిషానికి ఇంకోటి, తర్వాత ఒకటి, రెండు, నాలుగు నిమిషాలకు... అలా ఒకరోజు గడిచాక బరువు రెట్టింపు. అర్ధరాత్రి వేళ వెళ్ళి చూస్తే డయల్ గేజీ ముల్లు కదిలినట్టే ఉండదు. కదల్లేదనీ రాసుకోవాలి. సాయిల్ మెకానిక్స్‌కు ఆద్యుడైన టెర్జాఘీ 1925లో పుస్తకంగా వెలువరించిన కన్సాలిడేషన్ సిద్ధాంతాన్ని అంతకుముందు బోర్డు మీద ఎన్నిసార్లు చూసినా, మట్టిలోంచి నీరు ఎంత నింపాదిగా బయటికొస్తుందో నాకు తెలిసింది ఆ ముల్లు దగ్గరే.

నా చదువు డల్లాస్ పక్కన సాగింది. అక్కడి నేల కూడా మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వేసవిలో ఇళ్ళవాళ్ళు పునాది చుట్టూ చిల్లుల పైపు పరిచి నేలకు నీళ్ళు పెడతారు! గుంటూరు వైపు ఇళ్ళలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మన మేస్త్రీలు రేగడి తవ్వేసి ఇసుక నింపమంటారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్‌ను దాదాపు మూడున్నర మీటర్ల లోతుకు దించమంది. టెక్సాస్‌లో కేబుళ్ళు లాగి బిగించిన పోస్ట్ టెన్షన్డ్ స్లాబు పోస్తారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక నాకు ఒక టర్మ్ ప్రాజెక్టులో దొరికింది. థీసిస్‌లో ఉంటే ఒక్కదాని మీదే కూర్చునేవాణ్ణి.

కోర్సులకు లోటు లేదని కాదు. హోంవర్కు లెక్క ఏ చాప్టరుదో ముందే తెలుస్తుంది. ఆఫీసులో బల్ల మీదికి వచ్చే బోర్ లాగ్ (నేలపొరల వివరాల పట్టిక) మీద చాప్టరు నంబరు రాసి ఉండదు. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నతో ఏడాది కాపురం చేసినవాడికి ఆ బెదురు తక్కువ. మాకు ఉద్యోగంలో చేరాకే అది పోతుంది, అదీ పై ఇంజనీరు ఓపికను బట్టి. ఇక ఇంజనీరు లైసెన్సు దగ్గర థీసిస్ రాశావా అని ఎవరూ అడగరు. 110 ప్రశ్నల ఎఫ్.ఇ. (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్) పరీక్ష, మామూలుగా నాలుగేళ్ళ అనుభవం, పి.ఇ. (ప్రొఫెషనల్ ఇంజనీర్) పరీక్ష, ఇవి ఇద్దరికీ ఒకటే.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ రాయండి. డిజైన్ ఆఫీసుకే వెళ్ళేటట్టయితే కోర్సులే మేలు. చేరేముందు మాత్రం కేటలాగులోని కోర్సుల పట్టిక చూసి మురిసిపోకండి, వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి నడవవు. రాబోయే రెండు సెమిస్టర్లలో నిజంగా నడిచేవేవో, వాటిలో ల్యాబూ డిజైన్ ప్రాజెక్టూ ఉన్నవేవో డిపార్ట్‌మెంటుకు రాసి కనుక్కోండి.