షెడ్డులో రొయ్యలు: మా మేనల్లుడికి చెప్పిన లెక్క

షెడ్డు వేసి ట్యాంకుల్లో వనామీ పెంచితే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. మా మేనల్లుడైతే ఎకరం వరి పొలం తాకట్టు పెట్టి మరీ దిగుతానంటున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

వాడి ఆశలో తప్పేం లేదు. పక్క చెరువులో తెల్లమచ్చ పడిందంటే మనకి ఆ రాత్రి నిద్ర ఉండదు. షెడ్డులోకి కాకి రాదు, పీత రాదు, పక్కోడి నీళ్లు రావు. అది చిన్న ధైర్యం కాదు.

ఇక లెక్క. 10 మీటర్ల వెడల్పు గుండ్రటి ట్యాంకులో మీటరు లోతు నీళ్లు పెడితే సుమారు 78 ఘనపు మీటర్లు. ఒక్కోదానికి 300 పిల్ల చొప్పున 23,400. నూటికి 80 బతికి 50 కౌంటుకొస్తే 370 కిలోల పైమాట. చెరువులో చదరపు మీటరుకి 60 వేస్తేనే ఎక్కువంటాం మనం!

అంత రొయ్యకి వేసే మేతలో నత్రజని సగానికి పైనే నీళ్లలోకి పోయి అమ్మోనియా అవుతుంది. చెరువులో నాచూ మట్టీ కొంత సర్దుకుంటాయి. ట్యాంకులో ఆ పని బాక్టీరియాదే. బయోఫిల్టరులో అది కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది, అది కుదిరాకే సీడు తేవాలి. పైగా గ్రాము అమ్మోనియా నత్రజనికి 7 గ్రాముల ఆల్కలినిటీ మింగుతుంది. వంటసోడా బస్తాలు అయిపోకుండా చూసుకోవాలి.

అన్నిటికన్నా భయం కరెంటు. తెల్లారుజామున చెరువులో రొయ్య పైకి తేలుతుంటే ఇంజను వేసుకునే టైమన్నా దొరుకుతుంది. నిండు ట్యాంకులో బ్లోయరు ఆగితే గంటకూడా ఆగదు. వాడి కాగితంలో జనరేటరు ఒక్కటే రాసుంది. "రెండోది పంటొచ్చాక కొందాం మావయ్యా" అన్నాడు. ఆ జనరేటరే ఆ రాత్రి మొరాయిస్తే పంటెక్కడిదిరా అన్నా.

ఇంత చేసినా గట్టు మీదకొచ్చే కొనుగోలుదారు కౌంటే చూస్తాడు, ఏ ట్యాంకులో పెంచావని అడగడు.

పొలం జోలికెళ్లకుండా చేతిలో ఉన్నదాంతో ఒక్క ట్యాంకు కట్టి, రెండు పంటలు తీసి చూడమన్నా. అలిగి వెళ్లాడు. మీలో ఎవరైనా షెడ్డులో పంట తీసుంటే కరెంటు బిల్లు ఎంతయిందో రాయండి, వాడికి చూపిస్తా.