వెలగచెట్టు

2024 సెప్టెంబరు 6
రేపు చవితి. బజారంతా పత్రి. మాచిపత్రి, మారేడు కొమ్మల పక్కన బుట్టెడు వెలక్కాయలు. ఏరుతుంటే, "దేవుడి దగ్గర పెట్టడానికేగా అమ్మా, ఏదైతేనేం" అంది అమ్మే ఆవిడ. పచ్చడికన్నాను. తనే బుట్ట అడుగునుంచి ముదురు కాయలు తీసిచ్చింది.

సెప్టెంబరు 9
చెత్తకుండీ దగ్గర వాడిన పత్రి, అందులో పగలగొట్టని వెలక్కాయలు. ప్రాణం ఉసూరుమంది. నైవేద్యం పెట్టినదాన్ని తినొద్దని ఏ దేవుడు చెప్పాడు?

మా కాయలు గడపకేసి కొట్టాను. చెక్క లాంటి పెంకు, లోపల వగరూ పులుపూ కలిసిన గుజ్జు. నూనెలో కాస్త మగ్గించి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి, ఉప్పూ బెల్లమూ వేసి రోట్లో నూరాను. చింతపండు అక్కర్లేదు. బెల్లం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, వగరు నాలుకని పట్టేస్తుంది. అత్తయ్య రెండోసారి అన్నం కలుపుకున్నారు.

సెప్టెంబరు 22
పొలం గట్టు మీద చెట్టు. ఆకు నలిపితే సోంపు వాసన. నిమ్మ, మారేడు, కరివేపాకు అన్నీ దీని చుట్టాలే. లేతాకు మీద పిట్టరెట్ట అనుకున్నది కదిలింది! కరివేపాకు మీద కనిపించే గొంగళిపురుగే. పెరిగి పచ్చబడుతుంది, ఆపైన సీతాకోకచిలుక.

నవంబరు 17
పండిందో లేదో తెలియాలంటే జానెడు ఎత్తునుంచి నేలమీద వదలాలి. కాయ ఎగురుతుంది, పండు ఎగరదు. పగలగొడితే ఇల్లంతా వాసన. గోధుమరంగు గుజ్జులో బెల్లప్పొడి కలిపి చెంచాతో తినడమే. శ్రీలంకలో దీన్ని దివుల్ అంటారు, రసం తీసి తాగుతారు. గుజ్జులో పెక్టిన్ ఉంది కాబట్టి జెల్లీ కూడా చక్కగా గడ్డకడుతుంది.

డిసెంబరు 8
మాను మీద గాటు పడ్డచోట బంక కారి గట్టిపడింది. తుమ్మబంకకి బదులుగా సిరాల్లో, నీటిరంగుల్లో వాడిన బంక ఇదే. భాగవతంలో కృష్ణుడు వత్సాసురుణ్ణి గిరగిర తిప్పి విసిరింది కూడా వెలగచెట్టు మీదికే. అంత పాతకాలం నుంచి మనదైన చెట్టు. నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది, చవుడు నేలకి భయపడదు. కానీ గింజ నాటితే కాపుకి పదిహేనేళ్ళు పట్టొచ్చు. అంతకాలం ఆగేదెవరు?

డిసెంబరు 15
నర్సరీకి వెళ్ళాను. "చవితికి కొమ్మలు అడుగుతారు గానీ మొక్కలెవరూ అడగరండీ" అన్నాడాయన. అంటు కడితే ఇంకా ముందే కాస్తుంది. తెప్పించమని బయానా ఇచ్చి వచ్చాను. తొలకరికి గట్టు మీద గుంతలు సిద్ధంగా ఉండాలి.