పది బస్తాలకో గీత

ఒక యాసంగిలో ఆత్మకూర్ (ఎస్) మండలంలోని ఒక వడ్ల కొనుగోలు కేంద్రానికి తూకాలు లెక్కించే ప్రోగ్రాం రాసిచ్చాను. ఎస్‌క్యూలైట్ డేటాబేస్, పాత హార్డ్‌డిస్కు కంప్యూటర్. బస్తాకొక ఎంట్రీ. 200 బస్తాల రైతు లెక్క సేవ్ కావడానికి పది సెకన్లకు పైనే పట్టేది. బయట ట్రాక్టర్లు బారులు తీరేవి. "నీ డబ్బా కంటే నా ఎడ్లబండి నయం బిడ్డా" అన్నాడొక పెద్దాయన. నాకు పౌరుషం వచ్చింది.

ఆ రాత్రి ఒక్క లైను మార్చాను: సింక్రనస్ ఆఫ్. మామూలుగా రాసింది డిస్కు మీద నిజంగా పడేదాకా ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. ఆఫ్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పజెప్పి ముందుకు పోతుంది. ఆలోగా కరెంటు పోతే చివరి ఎంట్రీలే కాదు, మొత్తం ఫైలే చెడిపోవచ్చని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. చదివాను కూడా. యూపీఎస్ ఉంది కదా అనుకున్నాను.

మర్నాటి నుంచి రెప్పపాటులో సేవ్. అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కముందే ఒక సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. దాని బ్యాటరీని నేనెప్పుడూ పరీక్షించలేదు. కరెంటొచ్చాక తెర మీద 'మాల్‌ఫార్మ్‌డ్', అంటే ఫైలు చెడిపోయిందన్న ఎర్రర్. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ముందురోజు రాత్రి కాపీ. ఆ రోజు బస్తాలు మాత్రం అప్పటికే లారీలెక్కి మిల్లుకు చేరాయి.

పొద్దున్నే రైతులొచ్చారు. కొందరి చీటీలు వానకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. "నా వడ్లు కాంటా అయినయా, కాలేదా? గది జెప్పు చాలు" అని ఒకామె అడిగింది. నాకు నోరు పెగల్లేదు.

గట్టెక్కించింది హమాలీల మేస్త్రీ జేబులోని నోట్‌బుక్. పది బస్తాలు కాగానే రైతు పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, ఆ తర్వాతే పదకొండోది కాంటా ఎక్కనిచ్చేవాడు. బస్తాకు 40 కిలోల భర్తీ కాబట్టి గీతలను బట్టి తూకం కట్టొచ్చు. ఇద్దరం రెండు రాత్రులు కూర్చున్నాం.

ఆ గీతలు లెక్కపెడుతుంటేనే నా తప్పు తెలిసింది. ఒక్కో బస్తాను ఒక్కో కమిట్‌గా, అంటే డిస్కు మీద పడేదాకా ఆగే విడి రాతగా రాసి, ఆ నిదానానికి నెపమంతా డిస్కు మీదకు తోసేశాను. సింక్రనస్ మళ్లీ ఫుల్‌కు పెట్టి, పది బస్తాలకొక ట్రాన్సాక్షన్ కట్టాను. 200 బస్తాలకు ఇరవై కమిట్లు. ఎవరూ ఆగాల్సిన పని లేకపోయింది.

ఎడ్లబండి పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి వేగం గురించి మాట్లాడలేదు. చీటీని రెండుసార్లు చూసుకుని, మడిచి, రుమాలు కొంగున ముడేసుకున్నాడు.