చూసినవాళ్ళ మాట

18 అక్టోబర్ 2019, శుక్రవారం. చెల్టన్‌హామ్

రేపు మధ్యాహ్నం ఆటకి అమ్మాయి టికెట్లు తీసింది. 'అఫిషియల్ సీక్రెట్స్'. ఈ దేశంలో ఈరోజే విడుదల. ఈ ఊరి కథే.

జీసీహెచ్‌క్యూ ఇక్కడే, బెన్‌హాల్ వైపు. గుండ్రటి భవనం. నడుమ ఖాళీ. డోనట్ అంటారు ఊళ్ళో అందరూ. చుట్టూ కంచె. ప్రపంచంలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారో వినడం అక్కడి పని. లోపల పనిచేసేవాళ్ళని ఏం ఉద్యోగం అని అడిగితే 'గవర్నమెంటులో' అంటారట. ఆ తర్వాత ఇంకేం అడక్కూడదు. అమ్మాయి ముందే చెప్పి ఉంచింది.

19, శనివారం

చూశాం. హాలు సగం నిండింది. ఎక్కువమంది నా ఈడువాళ్ళే.

2003 జనవరి 31. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ నుంచి ఇక్కడికి ఒక మెయిలు. ఇరాక్ మీద యుద్ధానికి భద్రతా మండలి ఒప్పుకోవాలి. ఓట్లు తేలడం లేదు. అంగోలా, కామెరూన్, చిలీ, బల్గేరియా, గినియా, పాకిస్తాన్. ఆ దేశాల ప్రతినిధుల మాటలు చాటుగా వినాలి, మీరూ సాయం చెయ్యండి. అదీ మెయిలు.

కాథరిన్ గన్‌కి అప్పుడు 28 ఏళ్ళు. చైనా భాష అనువాదకురాలు. ఆ మెయిలు ఆమె ఒక్కదానికే రాలేదు. బయటపెట్టింది ఆమె ఒక్కతే. స్నేహితురాలి ద్వారా పత్రికకి చేరింది. మార్చి 2న 'అబ్జర్వర్' మొదటి పేజీ.

ఆట అయ్యాక కాఫీల దగ్గర నిలబడ్డాను.

టోపీ పెట్టుకున్న పెద్దాయన: "అయినా యుద్ధం ఆగలేదుగా."

ఆయన భార్య: "ఆగదని ముందే తెలుస్తుందా?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆవిడ ఇంకోసారి అడిగింది.

ఇద్దరు కుర్రవాళ్ళు లైట్లు వెయ్యకముందే లేచి వెళ్ళిపోయారు. వెనక వరసలో ఒకావిడ వాళ్ళ వంక చూసి పక్కావిడ మోచెయ్యి తట్టింది.

20, ఆదివారం

అల్లుడు: "ఒప్పుకోకుండా ఉంటే సరిపోయేది మామయ్యగారూ. ఆకాశరామన్నలా ఉండిపోవచ్చుగా. ఎవరు పట్టుకునేవారు?"

మొదటిసారి అడిగినప్పుడు ఆమె కాదనే అంది. పత్రికలో వచ్చాక ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి ప్రశ్నించడం మొదలైంది. పక్క సీటువాళ్ళు, ఎదుటి సీటువాళ్ళు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక మొహం, బయటికి వచ్చేటప్పుడు ఇంకో మొహం. కొద్దిరోజులకే తన పైఅధికారి దగ్గరికి వెళ్ళి, నేనే అంది.

నాకు సినిమా అంతా అక్కడే ఉంది. అల్లుడికి అదే చెప్పాను. సగంలో ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. వెళ్ళాడు.

అదే రోజు, రాత్రి

నిద్ర పట్టలేదు. నా సర్వీసులో ఒక ఆఫీసు. భూమి తాలూకు కాగితం ఒకటి పత్రికవాళ్ళకి వెళ్ళింది. సెక్షనంతటికీ సంజాయిషీ మెమోలు. టైపు చేసినావిడ మీదే అనుమానం, కాగితం ఆఖరున ఉన్నది ఆవిడ దగ్గర కాబట్టి. ఆవిడ ఇవ్వలేదు. ఇచ్చినతను ఎవరో సెక్షనంతా ఎరుగుదుము. అతను నోరు విప్పలేదు. మేమూ విప్పలేదు. తోటివాణ్ణి పట్టివ్వకూడదని.

పత్రికలో వచ్చింది నిజం. భూమి పేదవాళ్ళకే దక్కింది. ఆవిడకి ఇంక్రిమెంట్లు ఆపేశారు.

ఇచ్చినతను చెడ్డవాడు కాదు. ఈ రాత్రి కూడా అదే అంటాను. ఆవిడ మాత్రం రిటైరయ్యే దాకా మాలో ఎవరి ఇంట్లోనూ పెళ్ళికి రాలేదు.

23, బుధవారం

స్పెల్లింగుల సంగతి.

ఆ మెయిలు అమెరికావాళ్ళది. అక్షరాలు అమెరికా పద్ధతిలో ఉంటాయి. పత్రికాఫీసులో ఎవరో అలవాటుగా స్పెల్‌చెక్ పెట్టారు. అక్షరాలన్నీ ఇంగ్లండు పద్ధతిలోకి మారిపోయాయి. అచ్చయింది. వెంటనే అమెరికాలో అన్నారు: అమెరికా అధికారి ఇలా రాయడు, ఇది దొంగ కాగితం. విలేకరి మార్టిన్ బ్రైట్‌ని మాట్లాడమని పిలిచిన టీవీలు వరసగా వద్దనేశాయి. జరిగిందే ఇదంతా.

హాల్లో ఆ చోట కొందరు నవ్వారు. నా పక్కావిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసిందట. సినిమాలో ఆ స్పెల్‌చెక్ పెట్టిన పిల్ల ఏడుస్తుంటే తనకీ ఏడుపొచ్చిందని బయటికొచ్చాక చెప్పింది.

మా కాపీయింగ్ సెక్షన్లో మొదటిరోజు చెప్పే మాట: మూలంలో తప్పుంటే నకల్లోనూ అదే తప్పుండాలి. ఒత్తు లేకపోతే లేకుండానే రాయి. దిద్దావా, అది నకలు కాదు. ఇది గుమాస్తాల చాదస్తం అనుకునేవాళ్ళకి ఈ సినిమా చూపించాలి.

అన్నట్టు, ఆ పత్రిక సంపాదకీయం యుద్ధానికి అనుకూలం. అయినా వార్త వేశారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం? నాకు అదీ పెద్ద విషయమే.

27, ఆదివారం. దీపావళి

తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సాయంత్రం అయిదు కాకముందే చీకటి. గ్లాస్టర్‌లో మనవాళ్ళందరూ ఒక హాల్లో కలిశారు. పులిహోర, గారెలు. కాకరపువ్వొత్తులు బయట వానలో.

సినిమా చూసినవాళ్ళు కొందరున్నారు.

సాఫ్ట్‌వేర్ అబ్బాయి: "కోర్టు సీను అరగంట ఉంటుందనుకున్నా అంకుల్. మొదలవగానే అయిపోయింది."

నిజంగా జరిగిందీ అంతే. 2004 ఫిబ్రవరి 25, లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు. నేరం చేయలేదని గన్ అంది. సాక్ష్యం ఏదీ పెట్టడం లేదని ప్రాసిక్యూషన్ చెప్పింది. అరగంటలోపే కేసు అయిపోయింది. యుద్ధం చట్టసమ్మతమేనా అని అటార్నీ జనరల్ ప్రభుత్వానికి ఇచ్చిన సలహాని ఆమె లాయర్లు బయటపెట్టమన్నారు. అదొక్కటీ కోర్టులోకి రాకుండా ఉండాలంటే కేసే ఉండకూడదు. అబ్బాయికి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

ఆడవాళ్ళ వైపు ఇవేవీ లేవు. అక్కడ గన్ భర్త గురించే మాట. ఆమె భర్త టర్కీ నుంచి వచ్చిన కుర్దు. ఇక్కడ ఉండే హక్కు ఇంకా గట్టిపడలేదు. అతన్ని పట్టుకుని దేశం దాటించబోతారు. ఆమె పరుగు.

"ఆ ఎయిర్‌పోర్టు సీనుకి నాకు కడుపులో తిప్పింది పిన్నీ. బయటికి వచ్చేశా."

"మా ఆయన వీసా కాగితాలు ఇంటికెళ్ళి మళ్ళీ తీసి చూసుకున్నా."

"ఆవిడ కాబట్టి నిలబడింది. నన్నయితే ఆ ఒక్కదానికే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించుకునేవాళ్ళు."

ఈ మూడో మాట అన్న పిల్లకి ముప్ఫై ఉండవు. చంటివాడు ఒళ్ళో ఉన్నాడు. లండన్ పత్రికల్లో ఇన్ని సమీక్షలు చదివాను. ఇది ఎవరూ రాయలేదు.

30, బుధవారం

ఫెయిర్‌వ్యూ వైపు నడిచాను. ఒక ఇంటి గోడ, ముందు టెలిఫోను పెట్టె. 2014లో ఆ గోడ మీద గోడబొమ్మల బ్యాంక్సీ బొమ్మ వేశాడు. పొడవు కోట్లు వేసుకున్న ముగ్గురు మనుషులు, పెట్టె చుట్టూ చేరి చెవులు రిక్కించి. 2016లో గోడ పూత తీసేసినప్పుడు బొమ్మా పోయింది.

గోడ ఉంది. కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి, బొమ్మ ఎక్కడెక్కడి దాకా ఉండేదో చెయ్యి పెట్టి చూపించాడు. సినిమా చూశారా అన్నాను. "ఈ ఊళ్ళో ఆ ప్రశ్న అంత గట్టిగా అడక్కండి" అన్నాడు. చూశాడని అర్థమైంది.

2 నవంబర్, శనివారం

పక్కింటావిడ టీకి పిలిచింది. ఎనభై దాటాయి. ఇంట్లో ఒక్కతే.

ఆవిడకి సముద్రం ఒడ్డు సీను నచ్చింది. గన్ లాయరు బెన్ ఎమర్సన్ గాలం వేసుకుంటుంటాడు. కేసు నడిపిన పెద్ద ప్రాసిక్యూటరు, పాత స్నేహితుడు, పలకరించడానికి వస్తాడు. ఇంకెక్కడికైనా వెళ్ళి వేసుకో అంటాడు లాయరు. ఆవిడ ఆ మాటని రెండుసార్లు అని చూపించింది. రెండోసారి కప్పు కిందపెట్టి మరీ.

తర్వాత 1984 సంగతి. ఆ జనవరిలో థాచర్ ప్రభుత్వం జీసీహెచ్‌క్యూలో యూనియన్లు ఉండకూడదంది. కార్డు వదులుకుంటే వెయ్యి పౌన్లు. వదులుకోని 14 మందిని ఆఖరికి ఉద్యోగాల్లోంచి తీసేశారు. 1997లో కొత్త ప్రభుత్వం వచ్చి ఆ నిషేధం ఎత్తేసింది. ఏటా ఊళ్ళో ఊరేగింపు జరిగేదట. ఈవిడ కేకులు చేసి పట్టుకెళ్ళేది.

"మీ ఆయన ఆ 14 మందిలో ఉన్నారా?"

"లేరు. వెయ్యి పౌన్లు తీసుకున్నారు. ఆ సోఫా అదే."

దాని మీదే కూర్చుని ఉన్నాను.

7, గురువారం

లైబ్రరీలో పొద్దుపోయేదాకా. క్లైవ్ పాంటింగ్ గురించి చదివాను. రక్షణ శాఖలో పెద్ద అధికారి. ఫాక్‌లండ్ యుద్ధంలో బెల్‌గ్రానో ఓడని ముంచిన విషయంలో మంత్రులు పార్లమెంటుకి నిజం చెప్పడం లేదని ఒక ఎంపీకి కాగితాలు పంపాడు. 1985లో జడ్జి చెప్పిన ధోరణి అంతా శిక్ష వెయ్యమనే. జ్యూరీ వదిలేసింది. 1989లో కొత్త చట్టం తెచ్చారు. ప్రజల మేలు కోసం చేశాను అనే వాదనకి అందులో చోటు లేదు. గన్ మీద పెట్టింది ఆ చట్టమే.

హాల్లో ఒకాయన అన్నాడు, "చట్టం చట్టమే కదా" అని. పాంటింగ్ కథ తెలిసి అన్నాడో, తెలియకో.

మనకి ఇంకా 1923 నాటి రహస్యాల చట్టం. వీళ్ళు పెట్టిపోయిందే. వీళ్ళది మారింది, మనది అలాగే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కొంత దారి ఇచ్చింది: ప్రజల మేలు ఎక్కువనుకుంటే, 1923 చట్టం ఉన్నా, ఆఫీసు సమాచారం ఇవ్వచ్చు. ఇవ్వచ్చు అనేదాకానే.

7, రాత్రి

గన్ మీద కేసు పెట్టింది 2003 నవంబర్ 13న.

అదే నెల 27న గయలో సత్యేంద్ర దూబేని కాల్చి చంపారు. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. రోడ్డు పనుల్లో దోపిడీ గురించి ఏడాది ముందు ప్రధానమంత్రికి ఉత్తరం రాశాడు. పేరు బయటికి రానివ్వకండని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసు నుంచి ఆఫీసుకి నడిచింది. దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది. 2010లో ముగ్గురికి శిక్ష పడింది.

ఆ ఉత్తరం ఎన్ని బల్లల మీద ఆగి ఉంటుంది. ఎన్ని ఇన్‌వార్డు నంబర్లు. ప్రతి బల్ల దగ్గరా నాలాంటివాడే ఒకడు. పేరు కనిపించకుండా ఒక తెల్లకాగితం అంటించి పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాకు తెలుసు. ఆ బల్లల దగ్గరే పనిచేశాను.

ఇలాంటివాళ్ళని కాపాడే చట్టానికి 2014లో రాష్ట్రపతి సంతకం అయింది. ఈ రోజుకీ అమలులో పెట్టలేదు.

మనవాళ్ళు ఇంగ్లండు కథని ఎంత బాగా తీశారో అంటుంటారు. దూబే కథ చూసి కాఫీల దగ్గర నిలబడి ఏం మాట్లాడుకుంటామో నాకు వినాలని ఉంది.

10, ఆదివారం

యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రోజు. ప్రోమెనేడ్‌లో స్మారకం దగ్గర జనం. కోట్ల మీద ఎర్ర పువ్వులు.

ఇరాక్‌లో చనిపోయిన బ్రిటిష్ సైనికులు 179 మంది. ఇరాకీల లెక్క ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. ఎక్కువ లెక్కలు లక్ష దాటతాయి. ఆ యుద్ధం మీద చిల్కాట్ విచారణ నివేదిక 2016లో వచ్చింది. 12 సంపుటాలు. శాంతి మార్గాలన్నీ చూడకుండానే యుద్ధంలోకి దిగారని అందులో రాశారు.

పతకాలు పెట్టుకున్న ఒకతని పక్కన నిలబడ్డాం. నలభై అయిదు ఉంటాయేమో. బస్రాలో చేశాడట. మా అమ్మాయికి వాళ్ళావిడ తెలుసు. సినిమా మాట అమ్మాయే ఎత్తింది.

అతను చూడలేదు. చూడనన్నాడు. వాళ్ళావిడ చూసింది, రెండుసార్లు. రెండోసారి అత్తగారిని తీసుకెళ్ళిందట. కాథరిన్ గన్ నేనే అన్నచోట అత్తగారు చప్పట్లు కొట్టిందట. హాల్లో ఇంకెవరూ కొట్టలేదు. ఆపనూ లేదు.

14, గురువారం

గుంటూరుకి ఫోను. మా సెక్షన్లో నాతోపాటు చేసినాయన. సినిమా ఆయన చూసే వీల్లేదు. కథంతా మొదటినుంచి చెప్పాను. మధ్యలో ఆపి అడిగినవి:

"ఉద్యోగం?" పోయింది.

"కేసు కొట్టేశాక మళ్ళీ తీసుకున్నారా?" లేదు.

"ఎంక్వయిరీలో ఏమంది?" తను ప్రభుత్వానికి కాదు, ప్రజలకి పనిచేస్తున్నానంది. జనానికి అబద్ధం చెప్పడానికి ప్రభుత్వానికి సాయం చెయ్యడం తన పని కాదంది.

కొంచెంసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"మరి ఆ పక్క సీటువాళ్ళు? వాళ్ళకోసమేగా ఒప్పుకుంది. తర్వాత ఆమెతో మాట్లాడారా?"

సినిమాలో లేదన్నాను.

"మన టైపిస్టుగారి అబ్బాయి నంబరు నా దగ్గరుంది. ఆవిడ వాడి దగ్గరే ఉంటోంది, విజయవాడలో. ఇవ్వనా?"

ఇమ్మన్నాను. రాసుకున్నాను. అక్కడ ఇప్పుడు రాత్రి పదకొండున్నర. పొద్దున చేస్తాను.