మూసిన తలుపు

గీతా గంద్‌భీర్ దర్శకత్వంలో 2025లో వెలువడిన ‘ది పర్‌ఫెక్ట్ నైబర్’ డాక్యుమెంటరీలో అధికభాగం పోలీసులు ధరించిన కెమెరాల్లో నమోదైన దృశ్యాలే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఒకాలా పట్టణంలో ఇంటి పక్క ఖాళీస్థలంలోని పిల్లల ఆటలు ఒక శ్వేతజాతి మహిళకు కంటగింపైనాయి. ఆమె పలుమార్లు పోలీసులను పిలిచింది. వారు వచ్చారు, విన్నారు, నచ్చజెప్పి వెళ్ళారు. ద్వేషం మాత్రం అక్కడే నిలిచింది. 2023 జూన్ 2న, తన బిడ్డల పక్షాన అడగవచ్చిన నల్లజాతి తల్లిని ఆమె మూసిన తలుపు వెనుక నుండే కాల్చింది. నలుగురు పిల్లలు తల్లిని కోల్పోయారు. ఆత్మరక్షణ వాదాన్ని జ్యూరీ అంగీకరించలేదు. 2024లో 25 ఏళ్ల కారాగారశిక్ష పడింది. ముగింపు తెలిసిన ప్రేక్షకుడు సైతం, ఎవరైనా ఈ కలహాన్ని ఆపుతారేమోనని ప్రతి దృశ్యంలోనూ ఎదురుచూస్తాడు. నేరం జరిగాక చట్టం శిక్షించగలదు. ఇరుగుపొరుగుల నడుమ సఖ్యతను మాత్రం మనుషులే నెలకొల్పుకోవాలి.